బావిలోంచి వచ్చే గొంతుకి మైకు ఒక్కటే మందు కాదు

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ కలిసి ఆరు నెలలుగా పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. ఫోన్‌ని టేబుల్ మధ్యలో పెట్టి రికార్డ్ చేసేస్తాం. వారానికి ఒక అతిథి ఉంటారు. కొందరు మా గదికే వస్తారు, కొందరు ఆన్‌లైన్‌లో కలుస్తారు. విన్నవాళ్లంతా "విషయం బాగుంది కానీ బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అంటున్నారు. అందుకే డబ్బు పోగుచేసి ప్రొఫెషనల్ సామాను కొందామనుకుంటున్నాం. నేను షూర్ ఎస్‌ఎం7బి మైకులు రెండు కొందామంటాను. వాడేమో స్టూడియోల్లో వాడేది కండెన్సరే, అదే కొనాలంటాడు. ఏదో ఒక చిన్న ఇంటర్‌ఫేస్, గోడలకి అంటించే ఫోమ్ షీట్లు కూడా లిస్టులో ఉన్నాయి. ఆదివారం ఆర్డర్ పెట్టేద్దామనుకుంటున్నాం. ఈలోగా ఏది సరైనదో చెప్పండి.

సమాధానం: ఆర్డర్ ఇంకా పెట్టలేదు కదా, బతికించారు. మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే సమాచారం మైకుల పేర్లు కాదు, మీ శ్రోతలు అన్న ఆ "బావిలోంచి" అన్న మాట. వాళ్లు గొంతు సన్నగా ఉందనో గరగరలాడుతోందనో అనలేదు, బావి అన్నారు. మీ నోటినుంచి వచ్చిన మాట నేరుగా ఫోన్‌కి చేరిన వెంటనే అదే మాట గోడకీ కప్పుకీ నేలకీ కొట్టుకుని తిరిగొచ్చి దాంతో కలిసిపోతోంది, దాన్నే వాళ్లు బావి అంటున్నారు. అది ఫోన్ మైకు తప్పు కానే కాదు. ఆ టేబుల్ మీద ఆ ఫోన్ ఉన్న చోటే మీరు అనుకున్న ఖరీదైన మైకు పెట్టినా అదే బావి వినిపిస్తుంది, కాకపోతే కాస్త స్పష్టంగా వినిపిస్తుంది.

కాబట్టి మీ లిస్టుని కిందనుంచి పైకి చదువుదాం. ముందు గది, తర్వాత దూరం, తర్వాత హెడ్‌ఫోన్స్, ఆ తర్వాత మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, అంటే ఇంటర్‌ఫేస్, అన్నిటికన్నా చివర మైకు. మీ గొడవ మొత్తం ఆ చివరిదాని గురించే, నాకు తెలుసు, దాని దగ్గరికి కూడా వస్తాను.

దూరం సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే దానికి ఖర్చు లేదు. మైకుకీ నోటికీ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా చేరే మాట సుమారు 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది. గదిలో తిరిగే ప్రతిధ్వని మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకే మోతాదులో ఉంటుంది, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉందనుకోండి, అంటే నాలుగు వేళ్ల వెడల్పు, అప్పుడు గొంతే రాజు, గది వెనకెక్కడో ఉంటుంది. అదే మైకుని జానెడు దూరానికి జరిపితే దూరం మూడు రెట్లవుతుంది, మాట దాదాపు 9.5 డెసిబెల్స్ పడిపోతుంది. మూరెడు దూరానికి జరిపితే 15 దాటి పడిపోతుంది. తగ్గిపోయిన గొంతుని మళ్లీ పైకి తేవడానికి మీరు గెయిన్, అంటే మైకు సిగ్నల్‌ని పెంచే స్థాయి, పెంచుతారు, దాంతోపాటు గది, ఫ్యాను, వీధి కుక్క కూడా పైకి వస్తాయి. మీ ఫోన్ ఇద్దరికీ మధ్యలో ఉందంటే ఒక్కొక్కరికీ కనీసం మూరెడు దూరంలో ఉన్నట్టే కదా. అదీ మీ బావి లోతు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. ఇవాళే, ఉన్న ఫోన్‌తోనే. అదే గదిలో, ఫోన్‌ని నోటికి బెత్తెడు దూరంలో, కొంచెం పక్కకి పట్టుకుని ఒక నిమిషం మాట్లాడి రికార్డ్ చేయండి. తర్వాత బీరువా తలుపులు తెరిచి, బట్టల ఎదురుగా నిలబడి, వెనక మంచం మీద పరుపు నిలబెట్టి, మళ్లీ అదే మాటలు రికార్డ్ చేయండి. మూడోసారి మామూలుగా టేబుల్ మీద పెట్టి చేయండి. మూడూ హెడ్‌ఫోన్స్‌లో వినండి. మొదటి రెండిటికీ మూడోదానికీ మధ్య ఉన్న తేడా, ఒక మైకుకీ దానికంటే పది రెట్లు ఖరీదున్న మైకుకీ మధ్య ఉన్న తేడాకంటే పెద్దదని మీకే తెలిసిపోతుంది. నేను చెప్తే ఎవరూ నమ్మరు, చెవులు చెప్తే నమ్ముతారు.

ఇక ఫోమ్ షీట్లు. దయచేసి వాటిని లిస్టులోంచి కొట్టేయండి. ఆ పల్చటి ముక్కలు వీడియోలో అందంగా కనిపిస్తాయి, నిజమే. కానీ అంగుళం మందం ఫోమ్ పై స్థాయి శబ్దాలని మాత్రమే పీల్చుకుంటుంది, అంటే స, ష లాంటి అక్షరాల చివర మెరుపు ఉంటుందే, దాన్ని. మగ గొంతులో ఉండే అడుగు బరువు 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. ఆ తరంగం పొడవు మూడు మీటర్లు దాటుతుంది, 3.4 మీటర్లు. అంత పొడవు తరంగానికి అంగుళం స్పాంజి అడ్డమా? అందుకే ఫోమ్ నిండా అంటించిన గదుల్లో గొంతు మూసేసిన డబ్బాలోంచి వచ్చినట్టు మందంగా, గుంయ్ మంటూ ఉంటుంది, పైన మెరుపు పోయి కింద గుంయ్ అలాగే మిగిలిపోతుంది కాబట్టి. ఇంకో భ్రమ కూడా ఉంది, ఫోమ్ అంటిస్తే బయటి చప్పుడు లోపలికి రాదని. వస్తుంది. శబ్దాన్ని పీల్చడం వేరు, ఆపడం వేరు. ఆపాలంటే బరువు కావాలి, మందమైన గోడ, సందులు లేని తలుపు కావాలి. కోడిగుడ్ల అట్టల గురించైతే నేనేమీ మాట్లాడను.

దాని బదులు బరువైన దుప్పట్లు, మందపాటి కర్టెన్లు, పరుపులు, నేల మీద తివాచీ, పుస్తకాలతో నిండిన అర వాడండి. దుప్పటిని గోడకి అతికించకుండా జానెడు ఎడంగా వేలాడదీస్తే ఇంకా బాగా పనిచేస్తుంది, వెనక గాలి ఖాళీ కూడా పనిలోకి వస్తుంది కాబట్టి. నాలుగు అంగుళాల మందం రాక్‌వూల్, అంటే రాతి నారతో చేసిన పలకని, చెక్క ఫ్రేములో పెట్టి గుడ్డ చుట్టి తయారుచేసుకోగలిగితే అది అసలైన ప్రొఫెషనల్ సామాను, మైకుల మీద పెట్టే డబ్బులో కొంత దాని మీద పెట్టండి. ముందు మీ వెనక గోడకి, తర్వాత మీ పక్క గోడలకి పెట్టండి, మైకు ముఖం తిరిగి ఉండేది మీ వెనక వైపే కదా. గది సరిగ్గా మధ్యలో మాత్రం కూర్చోకండి, కొంచెం ఒక పక్కకి జరగండి. చప్పట్లు కొట్టి చూడండి, చప్పట్ల తర్వాత టింగ్ మని సన్నటి మోత ఉందా? ఎదురెదురు ఖాళీ గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకుంటోందన్న మాట. అందులో ఒక గోడకి దుప్పటి కట్టేస్తే పోతుంది. 2015లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా మార్క్ మారన్ అనే కమెడియన్ పాడ్‌కాస్ట్‌కి వచ్చినప్పుడు కూర్చున్నది అతని ఇంటి గ్యారేజీలోనే. స్టూడియో అనే బోర్డు లేకపోయినా పర్లేదని చెప్పడానికే ఇది.

ఫ్యాను, ఏసీ. రికార్డింగ్ జరిగినంతసేపూ ఆపేయండి, చెమటలు పడితే మధ్యలో ఆగి వేసుకోండి. ప్రతి రికార్డింగ్ మొదట్లో అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఖాళీ గదిని కూడా రికార్డ్ చేసుకోండి. దాన్ని రూమ్ టోన్ అంటారు, ఎడిటింగ్‌లో మాట కోసేసిన చోట పూడ్చడానికీ, నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్‌కి నమూనాగా ఇవ్వడానికీ పనికొస్తుంది.

ఇక మీ ఇద్దరి పంచాయితీకి వద్దాం. కండెన్సరా, డైనమిక్కా? మీరు చెప్పిన ఎస్‌ఎం7బి డైనమిక్ రకం.

మీ ఫ్రెండ్ చెప్పింది అబద్ధం కాదు. స్టూడియోల్లో పాటలకి, డబ్బింగ్‌కి కండెన్సర్లే ఎక్కువ వాడతారు, వాటిలో శబ్దానికి కదిలే పల్చటి పొర, అంటే డయాఫ్రమ్, తేలికగా ఉంటుంది కాబట్టి గొంతులోని సన్నటి వివరాలన్నీ పట్టేస్తుంది. కానీ ఆ మైకు వెనక ఒక స్టూడియో ఉంది, వాళ్లు కొన్నది మైకు ఒక్కటే కాదు, నిశ్శబ్దం కూడా కొన్నారు. మీ గదిలో అదే మైకు పెడితే మీ గొంతులోని వివరాలతో పాటు గదిలోని వివరాలు కూడా అంతే శ్రద్ధగా వినిపిస్తుంది. నేను మొదటిసారి కొన్నది కండెన్సరే. వారం రోజులు మైకు పాడైందని గొణుక్కున్నాను, చివరికి తేలిందేమంటే వెనక వినిపించే ఆ సన్నటి టకటక పక్కగదిలోని గోడగడియారం.

అయితే మీ వైపు కూడా ఒక అపోహ ఉండి ఉంటుంది, అందరికీ ఉంటుంది: డైనమిక్ మైకు గది చప్పుడుని పట్టదు అని. ఇది సగం నిజం. ఒకే దూరంలో, ఒకే దిశలో వినే రెండు మైకులని పెట్టి, గొంతు రెండిటిలోనూ ఒకే ఎత్తులో వచ్చేలా సర్దితే గది కూడా రెండిటిలో ఇంచుమించు ఒకేలా వస్తుంది. మరి డైనమిక్ ఎందుకు నిశ్శబ్దంగా అనిపిస్తుంది? దాని సిగ్నల్ బలహీనం కాబట్టి మనం నోటిని దానికి అతికించి మాట్లాడతాం, పైగా అది పై స్థాయి వివరాలు కొంచెం తక్కువ పడుతుంది. అంటే మళ్లీ దూరమే. డైనమిక్ మైకు మనల్ని బలవంతంగా మంచి అలవాటులోకి నెడుతుంది, దాని గొప్పతనం అక్కడుంది. మీ గదికి, మీ అలవాట్లకి నా ఓటు డైనమిక్‌కే. గెలిచారు. కానీ మైకు మాత్రం మీరు చెప్పిందే కానక్కర్లేదు.

ఎస్‌ఎం7బి మంచి మైకే, అనుమానం లేదు. దాని మూలం 1973 నాటి ఎస్‌ఎం7, ఈ బి రూపం 2001లో వచ్చింది. ప్రతి వీడియో పాడ్‌కాస్ట్‌లోనూ ఆ నల్లటి గొట్టం కనిపిస్తుంది కాబట్టి అది లేకపోతే ప్రొఫెషనల్ కాదేమో అనే టెన్షన్ పట్టుకుంటుంది జనానికి. దాంతో వచ్చే చిక్కు ఒకటుంది, మీ లిస్టులో "ఏదో ఒక చిన్న ఇంటర్‌ఫేస్" అని రాశారు చూడండి, సరిగ్గా అక్కడే. ఒకే 94 డెసిబెల్స్ శబ్దం వినిపిస్తే ఆడియో టెక్నికా ఏటీ2020 కండెన్సర్ 14.1 మిల్లీవోల్టుల సిగ్నల్ ఇస్తుంది, ఎస్‌ఎం7బి ఇచ్చేది 1.12 మాత్రమే. పన్నెండో వంతు. ఆ సన్నటి సిగ్నల్‌ని వాడుకునే ఎత్తుకి తేవాలంటే కనీసం 60 డెసిబెల్స్ శుభ్రమైన గెయిన్ కావాలని తయారీదారే చెప్తాడు. చాలామంది దగ్గరుండే ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరంలో ఉన్నది 56. నాబ్ చివరిదాకా తిప్పేసినా గొంతు చిన్నగానే ఉంటుంది, దాన్ని ఎడిటింగ్‌లో పెంచితే సుయ్ మని హిస్ లేస్తుంది. అప్పుడు మళ్లీ క్లౌడ్‌లిఫ్టర్ అని ఒక చిన్న పెట్టె కొంటారు, అది 25 డెసిబెల్స్ దాకా కలుపుతుంది, పనిచేయడానికి దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోంచే వెళ్లే కరెంటు, ఇవ్వాలి. రెండు మైకులకి రెండు పెట్టెలు. చూశారా, మైకు ధర లిస్టులో కనిపించింది కానీ దాని పరివారం ధర కనిపించలేదు.

దీనికి రెండు దారులున్నాయి. గెయిన్ ఎక్కువున్న ఇంటర్‌ఫేస్ కొనడం ఒకటి: అదే స్కార్లెట్ నాలుగో తరంలో 69 ఉంది, ఇంక పెట్టె అక్కర్లేదు. లేదా లోపలే ఆంప్లిఫయర్ ఉన్న మైకు కొనడం, 2023లో వచ్చిన ఎస్‌ఎం7డిబి అలాంటిదే, లోపలే 18 గానీ 28 గానీ డెసిబెల్స్ పెంచుకోవచ్చు. నన్నడిగితే మీకు మూడో దారి ఉంది, అంత పెద్ద మైకే వద్దు. ఎస్‌ఎం58 అని వేదికల మీద గాయకులు చేత్తో పట్టుకునే మైకు, 1966 నుంచీ ఉంది, కింద పడ్డా చెక్కుచెదరదు, దానికి ఒక స్పాంజి టోపీ తొడిగి బెత్తెడు దూరంలో పెట్టి మాట్లాడితే మీ శ్రోతల్లో ఎంతమంది తేడా పట్టగలరో చూడండి. లేదా మాట కోసమే చేసిన రోడ్ పాడ్‌మైక్. రేడియోవాళ్లకి ఇష్టమైన ఎలక్ట్రో వాయిస్ ఆర్‌ఈ20 గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్తారు. మామూలు మైకు దగ్గరికి జరిగితే గొంతులో బరువు పెరుగుతుంది, దూరం జరిగితే పల్చబడుతుంది. ఆర్‌ఈ20లో ఆ మార్పు చాలా తక్కువ, కుర్చీలో కదిలే అతిథులకి అది వరం. కానీ అది కూడా గెయిన్ బాగా అడిగే మైకే, ఇప్పుడే వద్దు.

యూఎస్‌బీ మైకు ఎందుకు చెప్పలేదని అడుగుతారేమో. ఒక్కరే మాట్లాడే పాడ్‌కాస్ట్ అయితే మొదట అదే చెప్పేవాణ్ని. శాంసన్ క్యూ2యూ, ఏటీఆర్2100ఎక్స్ లాంటివి యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ (ఇంటర్‌ఫేస్‌కి వెళ్లే మూడు పిన్నుల వైరు) రెండూ ఉన్న డైనమిక్ మైకులు, ఇవాళ లాప్‌టాప్‌కి పెట్టి రేపు ఇంటర్‌ఫేస్‌కి మార్చుకోవచ్చు. మీరు ఇద్దరు, అతిథితో ముగ్గురు. ఒకే కంప్యూటర్‌కి రెండు యూఎస్‌బీ మైకులు పెడితే ప్రతి మైకులోనూ దాని సొంత గడియారం తిరుగుతుంటుంది. ఒకటి సెకనుకి 48,000 శాంపిళ్లు, అంటే శబ్దం కొలతలు, తీసుకుంటుంటే ఇంకోటి 48,001 తీసుకుంటోందనుకోండి, గంటయ్యేసరికి 3,600 శాంపిళ్ల తేడా, అంటే 75 మిల్లీసెకన్లు. ఒకరి గొంతు ఇంకొకరి మైకులో లీకవుతుంది కదా, అది ఇప్పుడు ప్రతిధ్వనిలా మోగుతుంది. మొదటి ఐదు నిమిషాలు బాగుండి చివర్లో చెడిపోతుంది కాబట్టి టెస్ట్ చేసినప్పుడు బయటపడదు, అసలు రికార్డింగ్‌లోనే బయటపడుతుంది. ఒకే పెట్టెలోకి అన్ని మైకులూ వెళ్తే ఒకే గడియారం, ఈ గొడవుండదు.

ఆ పెట్టె ఏది? ఇక్కడ మాత్రం డబ్బుకి వెనకాడకండి. నిజంగా నెలల తరబడి మీ పని సులువు చేసేది మైకు కాదు, ఇదే. మీ ఉత్తరంలో రెండు సంగతులు దీన్ని నిర్ణయిస్తాయి: గదికి అతిథులు వస్తారు, ఆన్‌లైన్‌లోనూ అతిథులు ఉంటారు. కాబట్టి మీకు రెండు మైకుల ఇంటర్‌ఫేస్ చాలదు, కనీసం మూడు ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లు కావాలి. ప్రతి ఒక్కరికీ విడి హెడ్‌ఫోన్ రంధ్రం, విడి వాల్యూమ్ కావాలి. ఒక్కొక్కరి గొంతూ ఒక్కొక్క ఫైలుగా రికార్డ్ కావాలి, అందరిదీ కలిపిన ఒక్క ఫైలు కాదు, ఎవరైనా దగ్గినప్పుడు దీని విలువ తెలుస్తుంది. పోతే మిక్స్ మైనస్. పేరు చూసి భయపడకండి. ఆన్‌లైన్ అతిథికి మీ అందరి గొంతులూ పంపాలి కానీ అతని గొంతు అతనికే తిప్పి పంపకూడదు, పంపితే తన మాట తనకే అర సెకను ఆలస్యంగా వినిపించి పాపం తడబడిపోతాడు. అతన్ని ఒక్కణ్ని తీసేసి మిగతాది పంపడమే మిక్స్ మైనస్. జూమ్ (వీడియో కాల్ జూమ్ కాదు, ఆడియో కంపెనీ) పాడ్‌ట్రాక్ పి4 అనే చిన్న రికార్డర్‌లో ఇవన్నీ ఉన్నాయి: నాలుగు మైకులు, నాలుగు హెడ్‌ఫోన్లు, 70 డెసిబెల్స్ దాకా గెయిన్, రెండు పెన్సిల్ సెల్స్‌తో కూడా నడుస్తుంది, కార్డు మీద రికార్డ్ చేస్తుంది కాబట్టి లాప్‌టాప్ హ్యాంగ్ అయినా ఎపిసోడ్ పోదు. డబ్బు ఇంకా ఉంటే రోడ్‌కాస్టర్ ప్రో 2 ఉంది, ఇంకా నిశ్శబ్దంగా గెయిన్ ఇచ్చే ప్రీఆంప్‌లు, పెద్ద స్లయిడర్లు. దాని రంగురంగుల బటన్లలో చప్పట్ల శబ్దాలు పెట్టుకుంటారు కొందరు. మీరు పెట్టుకోకండి.

ఆన్‌లైన్ అతిథి విషయంలో ఒక్కటే. కాల్‌లో వినిపించే గొంతునే రికార్డ్ చేస్తే ఇంటర్నెట్ నలిపేసిన గొంతు దొరుకుతుంది, దాన్ని ఏ సామానూ బాగుచేయలేదు. అతని గొంతు అతని దగ్గరే రికార్డై తర్వాత మీకు చేరాలి. రివర్‌సైడ్, జెన్‌కాస్టర్ లాంటి వెబ్‌సైట్లు ఇదే పని చేస్తాయి. లేదంటే అతన్ని ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టుకోమనండి, ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టమనండి, రెండు ఫైళ్లనీ ఆ చప్పుడు దగ్గర కలుపుకోవచ్చు. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోమని బతిమాలండి, స్పీకర్‌లో మాత్రం వద్దు.

హెడ్‌ఫోన్స్ మీ లిస్టులోనే లేవు! దీనికి మాత్రం నాకు కొంచెం కోపం వచ్చింది. చెవి పెట్టి వినకుండా రికార్డ్ చేయడమంటే కళ్లు మూసుకుని రోడ్డు దాటడమే. నా సొంత కథ ఒకటి చెప్తాను, సిగ్గుగానే ఉంది. ఎంతో బతిమాలి ఒప్పించిన ఒక పెద్దాయనతో రెండు గంటలు మాట్లాడాను, ముందు మంచి మైకు, ఆర్మ్, నోటి గాలిని ఆపే పాప్ ఫిల్టర్, అన్ని హంగులూ ఉన్నాయి. ఇంటికొచ్చి చూస్తే సాఫ్ట్‌వేర్‌లో సెలెక్ట్ అయి ఉన్నది లాప్‌టాప్ లోపలి మైకు. రెండు గంటలూ కీబోర్డ్ పక్కనున్న ఆ చిన్న రంధ్రమే విన్నది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకు మీద ఒక్కసారి గోటితో గీకి ఉంటే మొదటి నిమిషంలోనే తెలిసేది. అప్పట్నుంచీ గోటితో గీకకుండా నేను ఏ రికార్డింగూ మొదలుపెట్టను.

చెవిని పూర్తిగా మూసే రకం, వెనక తెరిచి లేనివి కొనండి, లేకపోతే హెడ్‌ఫోన్‌లోని శబ్దం మైకులోకి కారుతుంది. సోనీ ఎండీఆర్-7506 1991 నుంచీ రికార్డింగ్ వాళ్ల మెడల్లో వేలాడుతూనే ఉంది, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో గంటల తరబడి పెట్టుకున్నా నొప్పి పుట్టదు. మీ ఇద్దరికీ చెరొకటి ఇలాంటివి, అతిథికి మామూలువైనా ఫర్వాలేదు. బ్లూటూత్ వద్దు, మీ మాట మీకే ఆలస్యంగా వినిపించి నాలుక మడతపడుతుంది.

మైకు నిలబెట్టే ఆర్మ్ విషయంలో చాలామంది పిసినారితనం చూపిస్తారు. చూడ్డానికి చిన్నదైన పాడ్‌మైక్ బరువు 937 గ్రాములు, ఎస్‌ఎం7బి కంటే ఎక్కువ. చవక ఆర్మ్‌లు ఆ బరువుకి మెల్లగా తల వంచేస్తాయి, మాట్లాడుతూ మాట్లాడుతూ మీరూ దాంతోపాటు వంగిపోతారు. మైకు ఎంత బరువో, ఆర్మ్ ఎంత మోస్తుందో రెండూ చూసి కొనండి. టేబుల్ మీద నిలబెట్టే పొట్టి స్టాండ్ వద్దు, మైకు దూరమవుతుంది, టేబుల్ మీద వేసిన ప్రతి వేలూ డప్పులా వినిపిస్తుంది.

మైకుని నోటికి సూటిగా కాకుండా పెదవుల మూల వైపు పెట్టి, నోటి ముందునుంచి గాలి పక్కకి పోయేలా చూసుకోండి. అరచేయి నోటి ముందు పెట్టుకుని "పాప", "భయం", "ఫలం" అనండి, చేతికి గాలి తగిలింది కదా, ఆ గాలే మైకులో ధబ్ మంటుంది. మన భాషలో ఒత్తక్షరాలకి లోటు లేదు కాబట్టి స్పాంజి టోపీ గానీ పాప్ ఫిల్టర్ గానీ తప్పనిసరి. ఎదురెదురుగా కూర్చోండి. ముందువైపే బాగా వినే కార్డియాయిడ్ మైకు వెనక వైపు చెవిటిది, మీ మైకు వీపు మీ ఫ్రెండ్ వైపు ఉంటే అతని గొంతు మీ ఫైల్లోకి తక్కువ వస్తుంది. రెండు మైకుల మధ్య దూరం, మైకుకీ నోటికీ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు ఉండాలనేది పాత లెక్క, బెత్తెడులో మాట్లాడితే అది దానంతటదే కుదురుతుంది. సూపర్‌కార్డియాయిడ్ అని రాసి ఉంటే మాత్రం జాగ్రత్త, అది సరిగ్గా వెనక కాదు, ముందునుంచి చూస్తే 126 డిగ్రీల కోణంలో ఇరుపక్కలా చెవిటిది.

సెట్టింగులు పెద్ద విషయమేమీ కాదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. ఒక గొంతుకి గంటకి సుమారు 520 ఎంబీ పడుతుంది, కార్డు ఆ లెక్కన చూసుకోండి. మామూలుగా మాట్లాడినప్పుడు మీటర్ మైనస్ 18 దగ్గర ఆడుతూ, గట్టిగా నవ్వినా మైనస్ 6 దాటకుండా గెయిన్ పెట్టండి. అతిథి టెస్టింగ్‌లో మెల్లగా మాట్లాడి అసలు సమయంలో అరుస్తాడు, అందరూ అంతే, కాబట్టి కొంచెం తగ్గించే ఉంచండి. ఎడిటింగ్‌కి ఆడాసిటీ ఉచితం, చాలు. చివరి ఫైలు మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం ఫైలు ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉండేలా చూడండి, ఆపిల్ పాడ్‌కాస్ట్స్ అడిగేది అదే. నాయిస్ తీసేసే ఏఐ సాఫ్ట్‌వేర్లు బాగున్నాయి కానీ ఎక్కువ వాడితే గొంతు ప్లాస్టిక్‌లా అయిపోతుంది, కూరలో ఉప్పులా వేయండి.

ఇంతకీ ఆదివారం సంగతి. ఆర్డర్ వద్దు. ఆదివారం దుప్పట్లు కట్టి, ఆ మూడు నిమిషాల ఫోన్ పరీక్ష మీ ఇద్దరూ కలిసి చేయండి, మీ ఫ్రెండ్‌కి కూడా చెవులతోనే జవాబు దొరుకుతుంది. మొదటి విడతలో హెడ్‌ఫోన్స్, నాలుగు ఇన్‌పుట్ల రికార్డర్, ఎస్‌ఎం58 లాంటివి మూడు, మూడు గట్టి ఆర్మ్‌లు, మూడు స్పాంజి టోపీలు తీసుకోండి. మిగిలిన డబ్బు గదికి. ఆరు నెలల తర్వాత కూడా ఎస్‌ఎం7బి మీద మోజు తీరకపోతే కొనుక్కోండి, రికార్డర్‌లో గెయిన్ ఎలాగూ ఉంటుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లు మాత్రం మూడు కాదు నాలుగు కొనండి, తెగేది ఎప్పుడూ అతిథి కూర్చున్నాకే తెగుతుంది.